రంగత్త ఎడమ బొటనవేలు

రంగత్తకు అలంకరణ అంటే చిరాకు. అద్దం ముందు రెండు నిమిషాలు నిలబడితే అదే ఎక్కువ. అయినా ఆవిడ ఎడమ బొటనవేలి గోరు ఇరవై ఆరేళ్ళుగా ఎర్రగా మెరుస్తూనే ఉంది. మిగతా తొమ్మిది గోళ్ళూ బోడిగా ఉంటాయి, అదొక్కటే పెళ్ళికూతురు. బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళు అడగలేక, ఆగలేక ఆ వేలి వంకే చూస్తుంటారు. ఎవరైనా తెగించి అడిగితే, "పళ్ళకు వేస్తూ వేస్తూ దీనిక్కూడా వేశాను" అని చెప్పి కిటికీలోంచి బయటికి చూస్తుంది. అడిగినవాళ్ళకు దిగేదాకా ఇక మనసు మనసులో ఉండదు.

ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. దంతవైద్య కళాశాలలో ప్రయోగశాల సహాయకురాలు ఆవిడ. పంటి గుంతలో నింపే సిమెంటు ఎవరైనా కొత్తగా తయారుచేస్తే, దాని అంచుల్లోంచి తడి లోపలికి దిగుతుందో లేదో ముందు పీకిన పళ్ళ మీద చూస్తారు. సిమెంటు నింపిన చోటునూ, దాని చుట్టూ సన్నటి అంచునూ వదిలేసి, పన్నంతటికీ గోళ్ళరంగు రెండు పూతలు పూస్తారు. అవును, దుకాణంలో అమ్మే గోళ్ళరంగే. తర్వాత ఆ పన్నును ఒక రోజంతా నీలిరంగు నీళ్ళలో ఉంచుతారు. మర్నాడు పైపూత గీకేసి, నిలువుగా కోసి, మైక్రోస్కోపు కింద పెడితే నీలం ఎంత లోపలికి దిగిందో బయటపడుతుంది. పూత గట్టిగా ఉంటే నీలానికి సిమెంటు అంచు తప్ప వేరే దారి ఉండదు. ఆ పూత పూయడంలో రంగత్త చెయ్యి తిరిగిన మనిషి. సీసా తెరిచిన ప్రతిసారీ మొదటి పూత తన బొటనవేలి మీద వేసి, చిక్కదనం చూసుకుని, అప్పుడు పన్ను చేతిలోకి తీసుకుంటుంది. గోరు ఎర్రబడిన కథ అదీ. పేరు కూడా దాన్నుంచే వచ్చింది. అసలు పేరు జీతాల కాగితం మీద తప్ప ఎక్కడా వినబడదు.

ప్రయోగశాలకూ పిల్లల పళ్ళ విభాగానికీ మధ్య ఒకే గోడ. పొద్దున తొమ్మిదిన్నరకు అవతల డ్రిల్లు మొదలవుతుంది. దాని వెనకాలే ఏడుపు. ఇరవై ఆరేళ్ళుగా ఆ ఏడుపు వింటూనే రంగత్త పళ్ళకు రంగు వేసింది, టీ తాగింది, అన్నం తింది. అలవాటైపోయి ఉంటుందని అందరూ అనుకుంటారు. ఏం అలవాటు, నా మొహం? అని ఆవిడ ఇంటికెళ్ళి మొగుడి మీద విసుక్కుంటుంది. "ఆ డ్రిల్లు కనిపెట్టింది నేను కాదు కదే" అంటాడాయన, బస్సు డిపోలో పనిచేసి మానేసిన పాత మెకానిక్కు.

అలాంటి చోటికి రెండేళ్ళ కింద ఓ పరిశోధకురాలు వచ్చింది. పొట్టి మనిషి, పైగా పిల్లల డాక్టరు, అందుకని అందరికీ పిల్లడాక్టరు అయిపోయింది. తన కొత్త సిమెంటుకు డ్రిల్లే అక్కర్లేదంది. పుచ్చును చిన్న చెంచాలాంటి పనిముట్టుతో మెత్తగా గీకి, పైన ఇది అద్దితే చాలట. వినగానే రంగత్త కాళ్ళు నేల మీద ఆనలేదు. ఆ రోజు నుంచీ ఆ సిమెంటు తన సొంత కూతురన్నట్టే మాట్లాడేది. విభాగం పెద్ద మేడం అది పసిగట్టింది.

"ఏ డబ్బాలో ఏ సిమెంటు ఉందో నీకు చెప్పం" అంది. "ఎవరు గెలవాలని నీకుందో నాకు తెలుసు. నాకూ చెప్పొద్దని ఈ అమ్మాయితో అన్నాను. మైక్రోస్కోపులో చూసేది నేను కదా."

అలా నలభై పళ్ళు రెండు డబ్బాల్లోకి వెళ్ళాయి. ఒక మూత మీద గీత, ఇంకో మూత మీద చుక్క. ఒకదాంట్లో పాత సిమెంటు, ఒకదాంట్లో కొత్తది. ఏది ఏదో నింపిన పిల్లడాక్టరుకు మాత్రమే తెలుసు. గీత డబ్బా ముందు వచ్చింది. పిల్లడాక్టరుకు జ్వరం రావడంతో చుక్క డబ్బా రెండు రోజులు ఆలస్యమైంది. రంగత్త రెంటికీ పూతలు పూసింది, నీలంలో వేసింది.

ఇక తేలవలసిన రోజు వచ్చింది. ఆ మధ్యాహ్నం మూడింటికి సమావేశం. ఈ సిమెంటును నిజంగా పిల్లల మీద పరీక్షించే దశకు పంపాలా, ఇక్కడితో ఆపెయ్యాలా అన్నది అక్కడే నిర్ణయిస్తారు. పొద్దున పదకొండింటికి పెద్ద మేడం మైక్రోస్కోపు ముందు కూర్చుంది. గీత డబ్బాలో ఇరవై పళ్ళలో నీలం ఐదింట్లో దిగింది, అదీ కొద్దిగా. చుక్క డబ్బా తీసింది. మొదటిది నీలం. రెండోది నీలం. ఇరవైకి ఇరవై నీలమే.

పిల్లడాక్టరు ముఖం పాలిపోయింది. ఆ ముఖం చూడగానే చుక్క డబ్బాలో ఏ సిమెంటుందో రంగత్తకు ఒకరు చెప్పక్కర్లేకపోయింది.

"అత్తా, అయిపోయింది" అంది ఆ అమ్మాయి మెల్లగా. "రెండేళ్ళు నీళ్ళలో పోసినట్టే."

గోడ అవతల ఎవరో పిల్లాడు ఏడుస్తున్నాడు. వినలేక, రంగత్త ఒంటిగంటకు అన్నం డబ్బా పట్టుకుని వరండా చివరికి పోయింది. రెండు ముద్దలు కూడా దిగలేదు. డబ్బా మూసి, కుళాయి కింద కడుగుతూ నిలబడింది.

నీళ్ళలో ఏదో ఎర్రగా తేలింది.

చూస్తే తన గోటి రంగు. పెచ్చులుగా కాదు, గోటి మీది పొరంతా ఒక్క ముక్కగా లేచి, డబ్బా అంచుకు అంటుకుని ఉంది. ఇరవై ఆరేళ్ళలో ఆ గోటి మీంచి రంగు ఏనాడూ నీళ్ళకు ఊడలేదు. రంగు తుడిచే మందు పెట్టి రుద్దితే తప్ప కదిలేది కాదు.

అప్పుడు తట్టింది. గీత డబ్బాతో పాత సీసా అయిపోయింది. చుక్క డబ్బా కోసం కొత్తది కొనడానికి వెళ్తే, దుకాణదారు, "మీరు వాడేది అయిపోయిందత్తా, ఇది తీసుకోండి. వాసన రాదు, చిన్నపిల్లలకు కూడా మంచిది" అన్నాడు. చిన్నపిల్లలు అనగానే ఈవిడ మనసు కరిగింది, తెచ్చేసింది. గోటి మీద వేసి చూసింది కూడా. చిక్కగానే ఉంది. చిక్కదనం చూసింది గాని, నీళ్ళకు ఆగుతుందో లేదో చూడలేదు. ఎందుకు చూస్తుంది? ఏనాడూ ఆ అవసరమే రాలేదు.

అంటే నీలం సిమెంటు పక్కనుంచి దిగలేదు. ఊడిన పూత కిందనుంచి, వేరులోంచి పైకి ఎక్కింది. తప్పు సిమెంటుది కాదు, తనది!

లోకంలో తన తప్పు దొరికినందుకు ఇంత సంబరపడిన మనిషి ఇంకొకరు ఉండరు. అన్నం డబ్బా కుళాయి దగ్గరే వదిలేసి, ఎర్ర పొరను అరచేతిలో పెట్టుకుని, ఆ వయసులో మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది. దారిలో గుమాస్తా, "ఏమైందత్తా?" అని అడిగితే, "తప్పు చేశాను, తప్పుకో" అంటూ దూసుకుపోయింది.

పెద్ద మేడం గదిలో పిల్లడాక్టరు కాగితాలు సర్దుకుంటోంది. రంగత్త చెయ్యి చాపింది. ఊపిరి అందక, చెప్పవలసింది ముక్కలు ముక్కలుగా చెప్పింది. పిల్లడాక్టరు కళ్ళు పెద్దవయ్యాయి.

"చుక్క డబ్బా పళ్ళను నీలంలోంచి నేనే తీశాను" అంది. "ఆగలేకపోయాను. పూత గీకుదామని బ్లేడు పెడితే తొక్కలా ఊడొచ్చింది. ఈసారి అత్త పని తేలిక చేసిందని సంతోషించాను కూడా."

పెద్ద మేడం మాత్రం నవ్వలేదు. "గోరు చూపించి ఫలితం మార్చమంటే మారుస్తామా? రేపు ఓడినవాళ్ళంతా గోళ్ళు చూపిస్తారు."

"మార్చొద్దు మేడం. ఒక్క రోజివ్వండి. సిమెంటే లేని మంచి పళ్ళు తెస్తాను. సగానికి ఈ రంగు, సగానికి పాత రకం. రెండూ నీలంలో వేద్దాం. గుంతే లేని పన్ను లోపల నీలం కనిపిస్తే అప్పుడు ఎవర్ని అంటారు?"

పెద్ద మేడం ఫోను తీసి సమావేశాన్ని రెండు రోజులు వాయిదా వేసింది.

ఆ సాయంత్రం రంగత్త పాత రకం సీసా కోసం ఐదు దుకాణాలు తిరిగి, రాత్రికల్లా పళ్ళను నీలంలో వేసింది. ఒక రోజంతా ఉంచి కోసి చూస్తే, పాత రంగు పూసిన పళ్ళు లోపల తెల్లగా ఉన్నాయి. కొత్త రంగు పూసినవి వేరునుంచి పైదాకా నీలం. పెద్ద మేడం కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ చూసి, "మొత్తం మొదటినుంచీ చేద్దాం. నలభై పళ్ళూ" అంది.

"నలభై పళ్ళు పోగవ్వడానికి ఆరు నెలలు పడుతుంది మేడం" అంది పిల్లడాక్టరు నీరసంగా. "అత్త వచ్చే నెల రిటైరవుతోంది."

రంగత్త వెళ్ళి బీరువా కింది అరలోంచి గాజు జాడీ తెచ్చి బల్ల మీద పెట్టింది. ఏళ్ళ తరబడి, ప్రతి ప్రయోగంలో మిగిలిన ఒకటీ రెండూ అందులో దాచింది. వారం వారం నీళ్ళు మార్చింది. ఎండిపోతే పన్ను పనికిరాదు. లెక్కపెడితే యాభై మూడు.

ఈసారి గుర్తులు మార్చారు. పూత ఒకే సీసాలోంచి, ఈ డబ్బాలోదొకటి, ఆ డబ్బాలోదొకటి చొప్పున పూయాలని పెద్ద మేడం నియమం పెట్టింది. రంగత్త గోటి మీద వేసిన పూతను ఒక పూటంతా నీళ్ళలో నానబెట్టాకే పన్ను ముట్టుకుంది. ఫలితం చూసిన రోజు ఒక డబ్బాలో ఆరు పళ్ళు నీలం, ఇంకోదాంట్లో రెండే. పిల్లడాక్టరు గభాలున వచ్చి రంగత్తను వాటేసుకుంది. ఆ రెండు ఎవరివో అలా తెలిసింది.

వ్యాసం రాసేటప్పుడు మొదటి ప్రయోగం సంగతి ఒక్క ముక్కలో తేల్చేద్దామంది పిల్లడాక్టరు. రంగత్త ఒప్పుకోలేదు. "నీళ్ళకు ఊడే రంగు వాడాం, చెడింది, మళ్ళీ చేశాం అని ఉన్నదున్నట్టు రాయి తల్లీ. ఇంకో ఊళ్ళో నాలాంటిది ఇంకొకతె ఆ సీసా కొనకుండా ఉంటుంది." అలాగే రాశారు.

అనుమతులన్నీ వచ్చి, పిల్లల మీద పరీక్ష మొదలయ్యేసరికి ఆవిడ రిటైరై ఐదు నెలలైంది. ఆ సిమెంటు నోట్లో ఎన్నేళ్ళు నిలుస్తుందో ఎవరికీ తెలియదు. అది తేలడానికి చాలా కాలం పడుతుంది. అయినా ఆ రోజు పొద్దున్నే, బీరువా తాళంచెవి తన దగ్గరే ఉండిపోయిందన్న సాకుతో రంగత్త వచ్చేసింది. తాళంచెవి ఇచ్చి, తన పాత స్టూలును గోడకు ఆనించి కూర్చుంది. తొమ్మిదిన్నరైంది. తొమ్మిదీ ముప్పావైంది. అవతల ఏ చప్పుడూ లేదు. పిల్లాడు రాలేదేమో, పరీక్ష ఆగిపోయిందేమో అని ఆవిడ ప్రాణం కొట్టుకుంది. ఉండబట్టలేక వెళ్ళి విభాగం తలుపు దగ్గర నిలబడింది.

తలుపు తెరుచుకుంది. ఆరేళ్ళ పిల్లాడు, పెదవి చివర తెల్లటి సిమెంటు మరకతో, తల్లి కొంగు పట్టుకుని బయటికి వచ్చాడు. బిక్కముఖం వేసుకుని, "అమ్మా, ఎప్పుడు మొదలుపెడతారు?" అని అడిగాడు.

తల్లి నోరు తెరిచేలోపే రంగత్త వాడి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. కళ్ళ నిండా నీళ్ళు, ముఖం నిండా నవ్వు.

"అయిపోయింది నాన్నా" అంది. "అయిపోయింది."