గౌస్ భాయ్ పట్టుకున్న గోడ

జనగామ బస్టాండ్ ముంగట హోటల్ల ఇడ్లీకి రెండోసారి చట్నీ అడిగితే సర్వర్ చూసే చూపొకటి ఉంటది. మూడు నెలలైనా అత్తగారిల్లు విడువని అల్లున్ని కూడ అట్ల చూడరు. 2011ల, తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్నప్పుడు, ఆ సర్వర్‌కు ఒక జవాబు కూడ దొరికింది: "సమ్మె ఉన్నది సార్." పల్లీలు సమ్మె చేసినట్టు నాకు సమాచారం లేదు. కని ఆ రోజులల్ల పని ఎగ్గొట్టిన ప్రతి మనిషికీ అదే జవాబు. మాక్కూడ.

మా పని జిప్సం బోర్డు గోడలు. బీకాం చదివినోనికి ఇదేం పని అని మీరడగొచ్చు. మా నాయిన చానాసార్లు అడిగిండు. ముందు రేకు చానళ్లు నిలబెడ్తం, వాటిని స్టడ్ అంటరు, రెండడుగులకొకటి. వాటికి రెండు దిక్కుల బోర్డు బిగిస్తం. బోర్డంటే రెండు అట్టల నడుమ జిప్సం పిండి, అంతే. బరువు వేలాడే చోట స్టడ్ల నడుమ ప్లైవుడ్ పెట్టాలె. మూసినంక అది ఉన్నదో లేదో ఎవ్వరికీ కనపడదు. మా వృత్తిల సౌలత్ అదే, దరిద్రం అదే.

యాకూబీ అక్కది బస్టాండ్ ఎనుక చిన్న ఇల్లు. పెనిమిటి గౌస్ భాయ్ లారీ డ్రైవర్. పక్షవాతం వచ్చి కుడి దిక్కు పడిపోయింది. రోజూ రాడ్ పట్టుకొని నడవాలె, లేకుంటే ఆ కాలు ఇగ లేవదని దవాఖానల చెప్పిండ్రట. అందుకని హాల్ నడుమ గోడ పెట్టి, దాని పొడుగునా రాడ్ బిగించాలె. మా కాంట్రాక్టర్ మల్లేశమన్న మూడు రోజుల పని అన్నడు.

రెండోరోజు హైవే మీద వంటా వార్పు: రోడ్డు మీదనే పొయ్యిలు పెట్టి, వండుకొని తిని, బండ్లు ఆపుడు. మల్లేశమన్న మైకుల మాట్లాడాలె. నేను పొద్దుగాల పోయి చూస్తే, ముందురోజు మల్లేశమన్న నిలబెట్టించిన స్టడ్లు నాలుగడుగులకొకటి ఉన్నయ్. ప్లైవుడ్ లేదు. సమ్మెల సామాను వస్తలేదు, మూసెయ్యి అన్నడు మల్లేశమన్న.

"రాడ్ ఉన్నది గదన్నా."

"తర్వాత చూద్దాం తియ్యి, టైం అయితున్నది."

మూసినంక ఏం చూస్తమని నన్ను నేనే అడుక్కున్న. స్క్రూ మిషన్ మాత్రం ఆపలే. పదకొండింటికల్ల గోడ అయిపోయింది, రాడ్‌ను ఉత్త బోర్డుకే బిగించినం. అక్క పెద్ద గిన్నెల బగారన్నం వండి వంటా వార్పుకు మాతోనే పంపింది. అన్నం బాగున్నది. మల్లేశమన్న ఉపన్యాసం ఇంకా బాగున్నది. మన పని మనం చేసుకుంటే ఇంత మంచిగ ఎవరు చేస్తరన్నడు. నేను గట్టిగనే చప్పట్లు కొట్టిన.

పదిరోజులకు అక్క ఫోన్ చేసింది. గౌస్ భాయ్ రాడ్ పట్టుకొని మొదటిసారి గోడ ఆ కొస దాక పోయిండట. మళ్లేటప్పుడు ఒళ్లంత దాని మీద వేసిండు. రాడ్ ఆయన చేతిలనే ఉన్నది, దానెంబడి బోర్డు పెచ్చులు పెచ్చులుగ ఊడొచ్చింది. మంచి కాలి దిక్కు తుంటి విరిగింది.

మల్లేశమన్న ఆఫీసుకు పోయిన. అక్కడ కొత్త గోడ లేస్తున్నది, ఇంకా మూయలే. స్టడ్లు రెండడుగులకొకటి, నడుమ ప్లైవుడ్. సమ్మెకు ఆ ఆఫీసు అడ్రస్ తెల్వదనుకుంట. ఉద్యమంల ఇసొంటివి అయితుంటయ్ తమ్మీ, మనసుకు పెట్టుకోకు అన్నడు. కొట్టాలనిపించింది. కొట్టుడు నాకు చాత కాదు, స్క్రూలు విప్పుడు చాతనైతది. ఆయన కండ్ల ముంగటనే ఆ గోడ విప్పి, స్టడ్లు, ప్లైవుడ్ ఆటోల వేసుకున్న. ఆయన పక్కకు జరిగి తొవ్వ ఇచ్చిండు.

అక్క ఇంట్ల పగిలిన బోర్డులు పీకి, నడుమ స్టడ్లు నిలబెట్టి, నడుమెత్తుల ప్లైవుడ్ బిగించి, కొత్త బోర్డులు కొట్టిన. రాడ్ బిగించి కాళ్లు పైకి లేపి వేలాడిన. కదలలే. గౌస్ భాయ్ మంచం మీద పండుకొని చూస్తున్నడు. నేను నోరు తెరవాల్సింది గోడ మూయకముందు. నేను నేర్చుకున్నది ఇంతే, దీనికి బీకాం అక్కెర లేకుండె.

అక్క చాయ్ తెచ్చి నా ముంగట పెట్టింది.

"బయటోడు చేసుంటే నోరునిండ తిడుతుంటి తమ్మీ. నువ్వు మనోనివైతివి. నిన్నేమని తిట్టాలె, చెప్పు."