కాగితం తల మీద సంతకం

కోవిల్‌పట్టిలో బస్సెక్కినప్పటి నుంచీ నా ఒళ్ళో కాగితాల కట్ట కుదురుగా ఉండలేదు. రాళ్ళ క్వారీ గురించి పల్లెల్లో అభిప్రాయాలు రాసుకునే పని నాది అప్పట్లో. మిరపకాయల మూటతో పక్కన కూర్చున్న అవ్వను తమిళంలో అడిగితే, "ఊరంతా సరే అన్నాక నాదేముంది" అని తమిళంలోనే తేల్చేసింది.

ఇంతలో అమ్మ ఫోన్ చేసింది. నేను తెలుగులో మాట్లాడటం విని అవ్వ నా వైపు తిరిగింది.

"మనోడివా నాయనా? అట్లయితే నిజం చెప్తా. గ్రామసభ కూటంలో టీ, వడ ఇచ్చిరి. వచ్చినోళ్ళంతా కైయెళుత్తు, అదే సంతకం, పెట్టండనిరి. పెడితిమి. కాగితంలో పైనంతా కాళీగా ఉండె. మేము ఇంటికి పోయినాక పంచాయతీ తలైవరు ఆడ క్వారీకి సమ్మతమని రాసుకొనె."

"అడగలేదా అవ్వా?"

"అడిగితిమి. కైయెళుత్తు మీదేనా కాదా అనె. మాదే కదా!"

ఆమెను సంతకం అడగడానికి నాకు నోరు రాలేదు. ఆమే "క్వారీ వద్దని రాయి" అని, నేను రాసేదాకా చూసి, కలం లాక్కుంది. కాగితం పై అంచుకు ఆనించి, మీద ఒక్క అక్షరం పట్టే చోటు కూడా వదలకుండా తన పేరు రాసింది.

"ఇప్పుడు రాయమను, చూస్తా."

విరుదునగర్‌లో మూట నెత్తిన పెట్టుకుని దిగింది. అప్పుడు కాగితం తిప్పి చూశాను. వెనక వైపంతా ఖాళీ. కిటికీలోంచి వంగి కేకేశాను, కానీ ఆమె అప్పటికే జనంలో కలిసిపోయింది.

ఇప్పటికీ ఏ ప్రజాభిప్రాయం నా చేతికొచ్చినా ముందు వెనక్కి తిప్పి చూస్తాను.