మక్కుతో మూసిన సందు

నేను శిల్పిని కాను. ఆ మాట ముందే చెప్పేస్తే ఓ పని అయిపోతుంది. ఈ మధ్య నా పేరు పక్కన "గణిత శిల్పి" అని రాసేవాళ్ళు తయారయ్యారు. అది చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. బెజవాడ కాలేజీలో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పినవాణ్ణి నేను. చేతికి ఉలి ఇస్తే ముందు నా వేలే తెగుతుంది. నా గదిలో జనం వచ్చి చూసిపోయే ఆ కర్ర రూపాలన్నీ నేను కాగితం మీద గీసినవి, కొండపల్లిలో ఒకాయన చెక్కినవి. ఆయనెవరని ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

రెండో ప్రపంచ యుద్ధం నాటి మాట. నేను కాలేజీలో కొత్తగా చేరాను. పిల్లలు సూత్రాలన్నీ గడగడా ఒప్పజెప్పేవాళ్ళు. "శంకువుని ఏటవాలుగా కోస్తే ఏమొస్తుందిరా?" అంటే "ఎలిప్స్ సార్!" అని క్లాసంతా అరిచేది. "ఎప్పుడైనా చూశారా?" అంటే మాత్రం ఒక్కడూ నోరు మెదిపేవాడు కాదు. ఇలా కాదని ఒకరోజు ముల్లంగి దుంప, చాకు పట్టుకెళ్ళి బల్ల మీద కోసి చూపించాను. పిల్లలు ఎగబడి చూశారు. తోటి లెక్చరర్లు నాకు "కూరల మేష్టారు" అని పేరు పెట్టారు. పెడితే పెట్టారు గానీ, ముల్లంగి మూడో పీరియడ్‌కే వడిలిపోయేది. కర్రతో చేయిస్తే నాలుగు కాలాలుంటుందని కొండపల్లి వెళ్ళాను.

అక్కడ దశావతారాలూ ఏనుగు అంబారీలూ చెక్కే ఇళ్ళలో ఒక ఇంటాయన నా గీతలు చూసి, ఇదేమిటి ఎందుకు అని అడక్కుండా, "ఎంత ఎత్తుండాలండీ?" అన్నాడు. అంతే. వారం తిరిగేసరికి శంకువు చేసిపెట్టాడు, నాలుగు కోతలతో, ఊడదీసి మళ్ళీ అమర్చుకునేట్టు. ఎక్కడా సూది పట్టే సందు లేదు. నాకంటే పదేళ్ళు పెద్దవాడు, సంతకానికి వేలిముద్ర వేసేవాడు. అయినా నా కాగితం మీది వంపుల్ని నాకంటే బాగా చదివేవాడు.

ఇక నా పరిశోధన సంగతి. నాలుగు ముఖాలుండి, నాలుగూ సమబాహు త్రిభుజాలే అయిన ముక్కలు తీసుకోండి. ముఖానికి ముఖం అంటిస్తూ గొలుసులా పోతే, చివరి ముక్క వచ్చి మొదటి ముక్కకి సరిగ్గా అతుక్కుని వలయం అవుతుందా? నేను రెండేళ్ళు కూర్చుని లెక్క కట్టి, ముప్పై ఆరు ముక్కలతో అవుతుందని తేల్చాను. యూనివర్సిటీలో ఒక పెద్ద గణిత శాస్త్రజ్ఞుడు ఉండేవారు. ఆయనకి ఉత్తరం రాస్తే, బెజవాడ మీదుగా వెళ్ళేటప్పుడు దిగి చూస్తాననీ, నిజమైతే నన్ను పరిశోధనకి తన దగ్గరికి తీసుకుంటాననీ జవాబు రాశారు. ఆ ఉత్తరం ఎన్నిసార్లు చదువుకున్నానో నాకే తెలియదు. నా బతుకంతా అందులోనే ఉన్నట్టనిపించింది.

వలయం చెయ్యమని కొండపల్లి ఆయనకి చెప్పాను. పది రోజుల తరవాత పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిపే బస్సులో ఇబ్రహీంపట్నం దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి ఎండలో నడిచి వెళ్ళాను. ఆయన అరుగు మీద వలయం పెట్టి చూపించాడు.

"ఒప్పటం లేదండీ మేష్టారండీ. ఇక్కడ గోరుమందం సందు ఉండిపోతందండీ."

"నీ చేతిలో తేడా ఉందయ్యా. లెక్కలో లేదు. మళ్ళీ చెయ్యి."

మళ్ళీ చేశాడు. మళ్ళీ అక్కడే, అంతే సందు. ఈసారి కాస్త నసిగి, "చెయ్యి తేడా అయితే ఒకసారి ఇటు, ఒకసారి అటు రావాలి కదండీ. రెండుసార్లూ ఒకేలాగ వచ్చిందండీ," అన్నాడు.

ఎంత సరైన మాట! నా విద్యార్థుల్లో ఒక్కడు ఆ మాట అని ఉంటే వాణ్ణి భుజానికెత్తుకునేవాణ్ణి. కానీ అన్నది ఆయన. పక్కనే ఆయన భార్య, పెళ్ళీడు కూతురు బొమ్మలకి రంగులేస్తున్నారు. వాళ్ళ ముందే నేను గొంతు చించుకున్నాను. "బొమ్మలు చెక్కుకునేవాడివి, నువ్వు నాకు లెక్కలు చెబుతావా? తిన్నగా చెక్కడం చేతగాక కబుర్లా? మూసుకునేట్టు చేసి తీసుకురా. చేతకాదంటే చెప్పు, ఇంకొకణ్ణి చూసుకుంటాను." ఆ పిల్ల కుంచె పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. ఆయన తల వంచుకుని, "అట్నేనండీ," అన్నాడు.

మూడో వలయం పటమటలో మా ఇంటికి ఆయనే స్వయంగా తెచ్చాడు. సందు లేదు! చుట్టూ తిప్పి చూశాను, ఎక్కడా లేదు. అయితే ముక్క ముక్కకీ సున్నం పూసి, ఎరుపూ పసుపూ రంగులు వేసి ఉన్నాయి.

"రంగెందుకు వేశావయ్యా? నేను అడగలేదే?"

"చూట్టానికి బాగుంటదనండీ."

నా మొహం వైపు చూడకుండా చెప్పాడు. నేను పట్టించుకోలేదు. పట్టించుకునే స్థితిలో లేను. కర్ర ముక్క ఋజువు కాదని క్లాసులో బల్ల గుద్ది చెప్పేవాణ్ణి, ఆ రంగుల చక్రాన్ని పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకు కూర్చున్నాను.

పెద్దాయన వచ్చారు. ప్రిన్సిపాలూ లెక్చరర్లూ పిల్లలూ హాలు నిండా ఉన్నారు. నేను బోర్డు మీద లెక్క వేసి, చివర్లో వలయం ఎత్తి చూపించాను. చప్పట్లు కొట్టారు. పెద్దాయన కొట్టలేదు. వలయం చేతిలోకి తీసుకుని నెమ్మదిగా తిప్పుతూ ఒకచోట ఆగి, బొటనవేలి గోటితో గీకారు. రంగు ఊడింది, సున్నం ఊడింది. ఆ కింద కర్ర లేదు, గోధుమరంగు పొడి రాలింది.

"ఇక్కడేం కూరారండీ?" అన్నారు.

అది మక్కు. చింతగింజల పిండిలో రంపప్పొట్టు కలిపి నూరుతారు. కొండపల్లిలో బొమ్మకి చెయ్యి అతికించాలన్నా, పగులు పూడ్చాలన్నా అదే. దాని మీద సున్నం పూసి రంగేస్తే బ్రహ్మదేవుడు కూడా కనిపెట్టలేడు. పెద్దాయన ఆ పొడి దులుపుకుని, బోర్డు దగ్గరికి వెళ్ళి, "నాలుగు స్థానాల లాగరిథమ్ పట్టికతో ఆపారేం? ఇంకో మూడు స్థానాలు వెయ్యండి," అన్నారు. వేశాను. అందరూ చూస్తుండగా నా చేతులతో నేనే వేశాను. ఆ గోరుమందం సందు అంకెల్లో బయటపడింది. వెనక బెంచీలో ఎవడో "కూరల మేష్టారు" అన్నాడు. హాలంతా నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడు పొద్దున్నే కొండపల్లి వెళ్ళి ఆయన మీద పడ్డాను. "నా కొంప ముంచావు కదయ్యా! మక్కు పెట్టి మోసం చేస్తావా?"

"మోసం కాదండీ. మీరు మూయమన్నారు, మూశానండీ. అంత చదివినోరు ఊరికే అంటారా అనుకున్నా." లోపలికి వెళ్ళి ఒక బుట్ట తెచ్చాడు. నిండా ఆ నాలుగు ముఖాల ముక్కలే. "నాకూ తోచక చేసి చూశానండీ. ఇరవై ఏసి చూశా, నలభై ఏసి చూశా, ఎటు తిప్పినా ఎంతో కొంత మిగులుద్దండీ. ఇది ఎన్ని ఏసినా ఒప్పేది కాదండీ."

"నోరు ముయ్యి!" అన్నాను. బుట్టని కాలితో ఒక్క తన్ను తన్ని వచ్చేశాను.

యూనివర్సిటీ పిలుపు ఇక రాలేదు. అదే కాలేజీలో అవే శంకువులు చెప్పుకుంటూ జుట్టు నెరిసింది. చాలా ఏళ్ళకి ఒక విదేశీ పత్రికలో చూశాను, ఎవరో ఋజువు చేశారు: ఆ ముక్కలు ఎన్ని తీసుకున్నా, ఎలా అంటించినా, వలయం ఎన్నటికీ మూసుకోదు. ఆ సిద్ధాంతాన్ని ఎవరూ ఊహించకముందే అరుగు మీద కూర్చుని నా చేతిలో పెట్టాడు ఆయన. ఋజువు వెతకడం నా పని. ఆ పని చెయ్యకుండా బుట్టని తన్నాను. దురదృష్టం అని నన్ను ఓదార్చేవాళ్ళున్నారు. దురదృష్టం కాదు, పొగరు.

పత్రిక పట్టుకుని కొండపల్లి వెళ్ళాను. ఆయనకి చూపు మందగించింది. నేనెవరో చెప్పుకున్నాను. ముక్కలు, వలయం, సందు, అన్నీ గుర్తుచేసి, "నువ్వన్నదే నిజమయ్యా," అన్నాను.

ఆయన పత్రికని తడిమి చూసి పక్కన పెట్టాడు. "ఆ బొమ్మ గుర్తు లేదండీ. ఎన్ని చేశానో ఏంటో," అన్నాడు. మళ్ళీ ఆయనే, "మా అమ్మాయి ముందర మీరన్న మాటలు గుర్తున్నాయండీ," అన్నాడు.

క్షమించమని అడగడానికే వెళ్ళాను. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది, మజ్జిగ ఇస్తే తాగి వచ్చేశాను. ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను. ఆయనకి చదవడం రాదు.