సూరన్నకి దిగిన జెండా

అసిరమ్మ మంచిదని చెప్పడానికి నేనిదంతా చెప్పడం లేదు. మంచివాళ్ల గురించి చెప్పేవాళ్లు ఊరినిండా ఉన్నారు. అసిరమ్మ పగ పట్టింది. ఏళ్ల తరబడి పట్టి, చివరికి తీర్చుకుంది. అందులో నాకూ పిసరంత వాటా ఉంది గనక నేనే చెప్పాలి.

మా ఆయనకి పోర్టులో ఉద్యోగం దొరికితే తాటిపాక నుంచి విశాఖపట్నం వచ్చిపడ్డాం. జీతం చాలక నేను వన్ టౌన్లో రేవు కూలీల యూనియన్ ఆఫీసుకి ఎదురుగా టీ బడ్డీ పెట్టాను. పొద్దస్తమానం నా కళ్ల ముందుండేది యూనియన్ జెండా స్తంభమే. ఎర్రజెండా పొద్దున ఎక్కేది, సాయంత్రం దిగేది. యూనియన్ మనిషి ఎవరైనా పోతే ఆ రోజు సగానికి దించేవారు. శవాన్ని తీసుకొచ్చి జెండా కింద కాసేపు ఆపి, అప్పుడు శ్మశానానికి తీసుకెళ్లేవారు. బతికినన్నాళ్లూ బస్తాలు మోసిన మనిషికి అంతకన్నా ఏం మర్యాద కావాలి? "నాను సచ్చిపోతే జెండా దిగాల" అని కళాసీలు, అంటే ఆ రేవు కూలీలే, నా బడ్డీ దగ్గర టీ తాగుతూనే చెప్పుకునేవారు.

నన్ను నోరారా అప్పా, అంటే అక్కా, అని పిలిచే అసిరమ్మ మొగుడు సూరన్న కూడా కళాసీయే. డెబ్భై మూడులో సమ్మె జరిగినప్పుడు గేటు దగ్గర జెండా పట్టుకుని నిలబడ్డవాళ్లలో అతనొకడు. ఓడవాళ్లు ఎక్కడినుంచో కూలీల్ని తెచ్చి గోధుమలు దించడం మొదలుపెట్టారు. పురుగుమందు కొట్టిన గోధుమలు. ఓడ అడుగుకి దిగిన కూలీ ఒకడు ఆ గాలికి స్పృహతప్పి పడిపోయాడు. పైనున్నవాళ్లు కేకలు పెట్టారే గానీ ఒక్కడూ దిగలేదు. సూరన్న చేతిలో జెండా పక్కవాడికిచ్చి పరిగెత్తాడు. పడిపోయినవాడి నడుముకి తాడు కట్టి పైకి పంపించాడు. ఆ తాడు మళ్లీ కిందికి వచ్చేలోపు తనూ పడిపోయాడు. అవతలివాడు బతికాడు. సూరన్న బతకలేదు.

అప్పట్లో యూనియన్ కార్యదర్శి భీమశంకరరావు. మెడలో ఎర్ర కండువా, మైకు కనిపిస్తే పూనకం. సమ్మె చేతిలోంచి జారిపోతోందని అప్పటికే బెదిరిపోయి ఉన్నాడు. ఆ సాయంత్రం మీటింగులో, "సమ్మెలో ఓడ మీద కాలు పెట్టినవాడు ద్రోహి. ఎందుకు పెట్టాడన్నది మనకి అనవసరం" అనేశాడు. కళ్లారా చూసినవాళ్లు బోలెడుమంది ఉన్నారు, ఒక్కడు నోరు విప్పితే ఒట్టు! సూరన్న ఎవరి చేతికి జెండా ఇచ్చాడో ఆ సత్యం కూడా కుక్కిన పేనులా కూర్చున్నాడు. సూరన్న శవం జెండా కిందికి రాలేదు.

చిన్నదినం నాడు అసిరమ్మ మా వీధిలోంచి వెళ్తూ తలెత్తి చూసింది. జెండా సగంలో ఉంది. అక్కడే మట్టిలో కూలబడి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. పరిగెత్తుకొచ్చి నా చేతులు పట్టుకుంది.

"ఓలప్పా, సూసినావా! ఆలీసమైనా దించినారు. మా ఆయనకి దించినారు!"

నాకు నిజం తెలుసు. చెప్దామని ఆమెని బల్ల మీద కూర్చోబెట్టాను. ఈలోగా భీమశంకరరావు ఆఫీసు వరండాలోకి వచ్చాడు.

"నీ మొగుడికి కాదే! కలకత్తాలో మా పెద్ద నాయకుడు పోయాడు, ఆయనకి. ద్రోహులకి జెండా దిగదు. లే, ఇంటికి పో" అన్నాడు. వెనకాల ఎవడో కిసుక్కున నవ్వాడు.

ఆ నవ్వు నాకే కారం చల్లినట్టు తగిలింది, ఇక ఆమెకెలా ఉండాలి! అసిరమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"మా ఆయనకి దిగని జెండా నీకూ దిగదు బావూ. నాను బతికుండగా దిగదు" అని చెప్పి వెళ్లిపోయింది.

మరుసటి ఏడు ఆఫీసు ఊడవడానికి మనిషి కావలసివచ్చింది. అసిరమ్మే వెళ్లి అడిగింది. భీమశంకరరావు ఇచ్చాడు. జాలిపడి కాదు, ఆమె తన గుమ్మం ఊడుస్తుంటే తన దయ నలుగురికీ కనిపిస్తుందని. నాకు ఒళ్లు మండిపోయింది.

"సిగ్గు లేదటే నీకు? వాడి గుమ్మం ఊడుస్తావా?" అని చెడామడా తిట్టాను.

"సిగ్గు సూసుకుంటే జెండా దగ్గిరికెలా ఎల్తాను అప్పా?" అంది.

నిజంగానే జెండా పని కూడా ఆమె చేతికే వచ్చింది. ఉతకడం, చిరిగితే కుట్టడం, ఎక్కించడం, దించడం. భీమశంకరరావు దగ్గరుండి మరీ పాఠాలు చెప్పేవాడు. జెండా నేలకి తగలకూడదు. ఎవరైనా పోయినప్పుడు తిన్నగా సగానికి ఎక్కించి వదిలేయకూడదు. ముందు కొసదాకా ఎక్కించి, ఒక్క క్షణం ఆపి, అప్పుడు సగానికి దించాలి. ఒకరికి దించిన జెండా ఇంకొకరికి దించాలన్నా మళ్లీ కొసదాకా ఎక్కాల్సిందే. పొద్దు గూకాక జెండా ముట్టుకోకూడదు.

"జెండాకి మట్టి అంటకూడదట. మనిషి మట్టిలో కూలబడితే మాత్రం పర్నేదట" అనేది అసిరమ్మ నా దగ్గరికొచ్చి.

స్టీలు ప్లాంటు పనులు జోరుగా సాగుతున్న రోజుల్లో భీమశంకరరావు ఎవరో కాంట్రాక్టరు చేత నున్నటి ఇనుప గొట్టం తెప్పించి కొత్త స్తంభం పాతించాడు. కింద దిమ్మ మీద తన పేరు చెక్కించుకున్నాడు. చూడ్డానికి బానే ఉంది గానీ దానికో జబ్బు. పైన తాడు తిరిగే కప్పీ సందు వెడల్పు. జెండాని కొసకి జానెడు కిందే ఆపేయాలి. ఇంకాస్త లాగితే తాడు ముడి కప్పీలో దూరి బిగుసుకుపోతుంది. ఒకసారి అలాగే బిగుసుకుంటే ఫైరింజను నిచ్చెన తెప్పించి విడిపించారు. అప్పట్నుంచి ఆ తాడు అసిరమ్మ తప్ప ఇంకెవరూ ముట్టుకునేవారు కాదు.

సూరన్న పోయిన రోజు వచ్చినప్పుడల్లా వెళ్లి అడిగేది. "ఈ రోజు మా ఆయనకి దించుతాను బావూ." ఆయన కసిరికొట్టేవాడు. నేను చూడలేక ఒకసారి అన్నాను: "ఆఫీసులో ఎవరూ లేనప్పుడు నువ్వే దించెయ్యవే. ఎవడు చూడొచ్చాడు?"

"దొంగతనంగా దించితే మా ఆయన దొంగే అయిపోతాడు గదప్పా. ఆల్ల నోటితో ఆల్లే సెప్పాల" అంది.

భీమశంకరరావుకి తన చావంటే ఎంత ముచ్చటో! పూల లారీ ఎలా ఉండాలో, ఎవరెవరు మాట్లాడాలో, జనం చూస్తుండగా జెండా ఎలా దిగాలో కూర్చోబెట్టి వర్ణించేవాడు. అసిరమ్మ చీపురు ఆపి వినేది.

ఎనభై ఆరులో ఆయన గుండె ఆగి పోయాడు. ఆ పొద్దున అసిరమ్మ నా బడ్డీకొచ్చి నిమ్మకాయలు కోసే కత్తి అడిగింది. ఎందుకని నేను అడగలేదు. ఇచ్చాను.

సాయంత్రం శవాన్ని పూల లారీ మీద తెచ్చి స్తంభం ముందు ఆపారు. వీధంతా జనం. చచ్చినవాడి కళ్లు చారెడంటారు. ఒకడు త్యాగమూర్తి అంటాడు, ఇంకొకడు ధర్మాత్ముడంటాడు. ఉపన్యాసాలు అయ్యేసరికి పొద్దు వాలిపోయింది. అప్పుడు చూశారు అందరూ, ఆయన కోరినట్టు జనం ముందు దించాల్సిన జెండా స్తంభానికే లేదు. అసిరమ్మ దిమ్మ మీద కూర్చుని ఉంది. మడతపెట్టిన జెండా ఒళ్లో ఉంది.

అప్పటికి కార్యదర్శి సత్యం. ఆ సత్యమే. గాభరాగా వచ్చాడు.

"ఏటి సేత్తన్నావ్ అసిరమ్మా? పొద్దోతంది. జెండా ఎక్కించు."

"ఎక్కిస్తాను. ముందు మా ఆయనకి, ఎనకాల ఈ బావుకి. ఆ రోజు నువ్వు సూసింది మైకులో సెప్పు."

"శవం ముందు ఇదేటే?"

"మా ఆయన శవం ముందు నువ్వు నోరిప్పినావేటి?"

ఎవరో తాడు లాక్కోబోయారు. "లాగండి. ముడి బిగుసుకుంటే ఫైరింజను తెచ్చుకుందురు గాని" అంది. చేతులు వెనక్కి పోయాయి.

సత్యం ఆకాశంకేసి చూశాడు, లారీకేసి చూశాడు. మైకు పట్టుకున్నాడు.

"సూరన్న బావ ద్రోహి కాడు. మనిషిని బతికించడానికి దిగినాడు. జెండా నా సేతికే ఇచ్చి ఎల్లినాడు. నాను బయపడి సెప్పలేదు."

కళాసీలు తల గుడ్డలు విప్పారు. అసిరమ్మ జెండా ఎక్కించింది. జానెడు కింద ఆపింది, నెమ్మదిగా సగానికి దించింది. రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది, ఆ రోజు పెట్టినట్టే. ఈసారి ఎవడూ నవ్వలేదు. నేను మాత్రం బావురుమన్నాను.

"ఇంక ఆయనకి కూడా కానియ్యి తల్లీ" అన్నాడు సత్యం.

అసిరమ్మ తాడు లాగింది. జెండా పైకి వెళ్లింది. జానెడు దూరానికి వచ్చింది. ఆగలేదు. దిమ్మకి కాలు తన్నిపట్టి ఒంట్లో బలమంతా పెట్టి లాగింది. పైన ముడి కప్పీలో దిగబడింది. రొంటినున్న కత్తి తీసి, దించే తాడుని చెయ్యి అందినంత ఎత్తులో కోసి పారేసింది. అప్పుడు లారీ వైపు తిరిగింది.

"ద్రోహులకి జెండా దిగదు బావూ. నువ్వే గదా సెప్పినావు."

ఒకటే గగ్గోలు. స్తంభం ఊపారు, ఎక్కబోయి నున్నటి గొట్టం మీంచి జారిపడ్డారు. ఫైరింజనుకి మనిషిని పంపారు గానీ పొద్దు గూకిపోయింది. ఇంటివాళ్లు ఇక ఆగలేమన్నారు. కొసన రెపరెపలాడుతున్న జెండా కిందనుంచే లారీ కదిలి వెళ్లిపోయింది.

ఆమె ఉద్యోగం అక్కడికక్కడే పీకేశారు. మెల్లగా నా బడ్డీకొచ్చి బల్ల మీద కూర్చుంది.

"వెనకాల ఆయనకి దించుతానని అంతమందిలో చెప్పావు కదే?" అన్నాను.

"సెప్పినాను. నా మొగుడి మీద అంతమందిలో అబద్దమాడినాడు గదా. నానూ ఒకటి ఆడినాను, సెల్లు" అంది.

కత్తి కొంగుతో తుడిచి నా ముందు పెట్టింది. టీలో పంచదార ఇంకొంచెం వెయ్యమంది.