నాన్న బండికి అడ్డం కూర్చున్న డ్రైవరు తాత

మా పుట్టింటి పక్కనుండే డ్రైవరు తాత పోయాడని మొన్న పొద్దున్నే నాన్న ఫోన్ చేశాడు. "నిద్దట్లోనే ఎలిపోయాడమ్మా" అన్నాడు. టెక్కలిలో మా ఇంట్లో పొయ్యి ఆపి, అక్కడే కూర్చుని ప్రార్థన చేసుకున్నాను. తాత మా చర్చి సంఘం వాడు కాదు. అయినా ఆయనను దేవుడికి అప్పగించని ఆదివారం నాకు చిన్నప్పటి నుంచీ లేదు.

పలాస దాటి ఉద్దానం వైపు వెళ్లే దారిలో, జీడితోటల పక్కన మా పుట్టిల్లు. లారీ నడపడం మానేశాక తాతకు మిగిలిన సరదా టీవీలో కార్ల పందాలు. అప్పుడప్పుడే మా వీధికి కేబుల్ వచ్చింది. ఆదివారం చర్చి నుంచి వచ్చి, అమ్మకు ఆ వారం వాక్యం అప్పజెప్పితేగానీ నాకు సెలవు దొరికేది కాదు. ఈలోగా గోడ అవతలి నుంచి కేక వినబడేది.

"ఏటే గుంటా, మీ దేవుడింకా వదల్లేదేటి? ఇక్కడ బళ్లు కదిలిపోతన్నాయి!"

పందెం మొదలయ్యే ముందు తాత టీవీ మీద ఒక నిమ్మకాయ పెట్టేవాడు.

"టైర్ల కింద కదా తాతా పెడతారు?" అని ఓసారి అడిగాను.

"ఆళ్ల టైర్లు మన కాడికి రావు కదే. నువ్వు కూడా మీ దేవుడికో మాట సెప్పు. ఆళ్లకీ అమ్మలుంటారు."

నేను కళ్లు మూసుకునేదాన్ని. ఆమెన్ అనేదాకా తాత భుజం మీది తువ్వాలు తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు.

టీవీలో ఇంగ్లీషు మా ఇద్దరికీ అర్థమయ్యేది కాదు. తాత ఇంజను చప్పుడే వినేవాడు. మలుపు వస్తే ఆయన కుడికాలు గచ్చును గట్టిగా తొక్కేది. వంటింట్లోంచి మామ్మ, "ఇల్లు తోలుకుని ఎలిపోతావేటి, ముసిలోడా?" అనేది. "నువ్వు ఎనకాల సూసి సెప్పు, రివర్సు తీత్తాను" అనేవాడు.

ఒకసారి అందరికన్నా ముందున్న కారు చక్రాలు మార్చుకోడానికి పక్కకు ఆగింది. మిగతావి దాటిపోతుంటే నేను ఏడుపు మొహం పెట్టాను.

"ఆగినోడు ఓడిపోయినట్టు కాదే" అన్నాడు తాత.

మా నాన్నదీ లారీయే. తాతను వరసకు మావా అని పిలిచేవాడు. జీడిపప్పు లోడుతో ఒడిశాలో కటకం దాకా వెళ్లేవాడు. ఒక వానాకాలం సాయంత్రం బయలుదేరబోతుంటే తాత వచ్చి టైర్లను రాడ్డుతో కొట్టి చూశాడు. ముందు టైరు దగ్గర వంగి అరచేత్తో తడిమాడు.

"అల్లుడూ, ఇది ఉబ్బీసింది. ఇప్పి మార్సు."

"ఆలీసమైపోతంది మావా. సోంపేట కాడ మార్పించీత్తాను."

"సోంపేట నీకు ఎదురొచ్చీదేటి?"

నాన్న వినకుండా బండెక్కాడు. తాత వెళ్లి లారీ ముందు ఆ బురదలోనే బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. వీధంతా గుమిగూడింది.

"లెగు మావా, అందరూ నవ్వుతన్నారు."

"నవ్వనీ. ఏడవకపోతే సాలు."

నేను నాన్నకు ఎప్పుడూ ఎదురు చెప్పినదాన్ని కాదు. ఆ రోజు మాత్రం వెళ్లి తాత పక్కన కూర్చున్నాను.

నాన్న దిగాడు. స్టెప్నీ దింపి, చక్రం విప్పాడు. ఆ టైరు లోపలి పక్కన దారాలు తెగి, వేలు పట్టేంత చీలిక ఉంది. నాన్న అందులో వేలు పెట్టి చూశాడు. "బోల్టులు గట్టిగా బిగించు" అన్నాడు తాత. తెల్లారి నాన్న కటకం చేరానని ఫోన్ చేసేదాకా అమ్మ మోకాళ్ల మీదే ఉంది.

మొన్న నేను ఊరు చేరేసరికి, తాతను సముద్రం ఒడ్డున ఉన్న శ్మశానానికి తీసుకెళ్లడానికి వ్యాను తెచ్చారు. నాన్న స్టీరింగు వదిలి చాలా ఏళ్లయింది. ఆ రోజు నేరుగా వ్యాను కుర్రాడి దగ్గరకు వెళ్లి చెయ్యి చాపాడు. "తాళం ఇలాగియ్యి బాబూ. మావని నేను తీసుకెల్తాను."

ఆడవాళ్లం తోట దగ్గరే ఆగిపోయాం. ఇసుక దారిలో, నడిచేవాళ్లకన్నా నెమ్మదిగా వ్యాను కదిలింది. గుంత వచ్చినప్పుడల్లా వెనక ఎర్రదీపాలు ఒకసారి వెలిగి ఆరుతూ, జీడిచెట్ల మధ్య చాలాసేపు కనబడ్డాయి.