పెనిమిటి పేరు అడిగిన డబ్బా

ఆ కాగితం మీద మా అవ్వ గురించి ఇంగ్లీషులో మూడు మాటలు రాసి ఉన్నాయి. తడబాటు. భయం. అవగాహన లేదు. నేను పదో తరగతితో ఆగిపోయినదాన్నే, కానీ ఆ మూడు మాటలకు నాకు నిఘంటువు అక్కర్లేకపోయింది. మా వైపు కన్నతల్లిని అవ్వ అంటాం. ఆ సంగతి కూడా కంపెనీవాళ్లకు తెలియక కాగితం పైన "సహాయకురాలి నాయనమ్మ" అని రాసుకున్నారు. ఆ సహాయకురాలిని నేనే.

ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ కాగితం గుర్తొస్తే నాకు ఒళ్లు మండుతుంది.

అప్పట్లో నేను చేవెళ్ల బస్టాండు దగ్గర ఒక కిరాయి గదిలో జాకెట్లు కుట్టేదాన్ని. పొద్దున కనకమామిడిలో బస్సెక్కి వచ్చి, సాయంత్రం మళ్లీ బస్సుకే తిరిగి పోయేదాన్ని. మధ్యాహ్నం పూట గిరాకీ ఉండదు. గదికి తాళం వేసి గ్రంథాలయానికి నడిచేదాన్ని. మొదట వారపత్రికలు, తర్వాత నవలలు, అవి అయిపోయాక చరిత్ర, వైద్యం, చివరికి ఇంగ్లీషు. ఆ గ్రంథాలయంలో నేను తెరవని బీరువా లేదని చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు. సిటీలో ఉద్యోగం చేసిన ఎవరో ఇచ్చిపోయిన కంప్యూటరు పత్రికల కట్ట ఒకటి కింది అరలో దుమ్ము పట్టి ఉండేది. నిఘంటువు పక్కన పెట్టుకుని ఒక వర్షాకాలమంతా దాన్ని చదివాను. సగం అర్థం కాలేదు. అర్థమైన సగంలో ఒక సంగతి మాత్రం నాకు బాగా పట్టింది. ఒక వస్తువును వాడటం ఎవరికైనా రాకపోతే ముందు ఆ వస్తువును అనుమానించాలి. జాకెట్టు బిగుతయితే మనిషిని తిడతామా? కుట్టు విప్పుతాం.

సిటీలో అద్దాల భవనాలు లేస్తున్న కాలం అది. మొయినాబాద్ దాటి మా పొలాల దాకా ఫాంహౌసుల ప్రహరీలు వచ్చాయి. ఆ ప్రహరీల వెనకే కంపెనీలవాళ్లూ వచ్చారు. అలా వచ్చిన ఒక కంపెనీ, చేవెళ్లలో ఒక ట్రస్టు నడిపే చిన్న దవాఖాన కోసం మిషను తయారు చేస్తోంది. నెలనెలా బీపీ, షుగరు గోలీలకు వచ్చే ముసలివాళ్లు కిటికీ ముందు లైను కట్టే పని లేకుండా, మిషను ముందు కూర్చుని ఊరు, పేరు చెబితే చీటీ బయటికి వస్తుంది. అసలు మిషను చేసే ముందు అట్టతో ఒక నమూనా చేసి మనుషుల మీద పరీక్షిస్తారట. అందుకని కిరాణా సేటు దుకాణం పైన ఒక గది తీసుకున్నారు. ముసలివాళ్లను పిలుచుకొచ్చి, సంగతి చెప్పి కూర్చోబెట్టే చదువొచ్చిన మనిషి కావాలని సేటును అడిగితే, పగలంతా లైబ్రరీలో కూర్చునే టైలరమ్మ ఉన్నదని నన్ను చూపించాడు.

వాళ్ల పెద్ద ఒక మేడం. కోస్తా నుంచి వచ్చి సిటీలో స్థిరపడిన కుటుంబం. మంచి మనిషి. నాకు కుర్చీ వేసింది, తన చేత్తో చాయ్ ఇచ్చింది. ఆ మర్యాద మీద నాకు ఫిర్యాదు లేదు.

గదిలో గోడకు నాలుగు పెద్ద కాగితాలు అంటించి ఉన్నాయి. ఒక్కో కాగితం మీద ఒక మనిషి ఫొటో, వయసు, అలవాట్లు, భయాలు. వాటిని పర్సోనాలంటారని మేడం నాకు చెప్పబోయింది. మిషను వాడబోయే మనుషులను కలిసి, మాట్లాడి, వాళ్లందరిలోంచి ఒక మనిషిని ఊహించి రాసుకోవడం కదా అన్నాను. ఎక్కడ చదివారని ఆశ్చర్యపోయింది. చేవెళ్ల లైబ్రరీలో అన్నాను. ఆ పూట నా మెడ కొంచెం నిటారుగానే ఉండి ఉంటుంది.

మూడో కాగితం మీద ఒక ముసలామె. చెవుల నిండా వెండి, నెత్తి మీద అద్దాల ఓణీ. ఎక్కడి ఎడారి మనిషో, ఇంటర్నెట్టులోంచి దింపుకున్న ఫొటో. కింద ఒక పేరు పెట్టారు. చదువు రాదు, మిషనంటే భయం, ప్రతిదానికీ కొడుకు మీద ఆధారం అని రాశారు. మా ఊళ్లలో ఎవరిని కలిసి ఇది రాశారని అడిగాను. ఇంకా ఎవరినీ కలవలేదట. ఆఫీసులో ఆరుగురు కూర్చుని రాశారట. అంటే కొలత తీయకుండానే జాకెట్టు కుట్టేశారు. ఇప్పుడు ఒళ్లు దానికి సరిపడుతుందో లేదో చూడటానికి చేవెళ్లకు వచ్చారు.

నమూనా ఇలా ఉండేది. బీరువా అంత ఎత్తు అట్టడబ్బా, అందులో కంప్యూటరు తెర, కింద స్పీకరు. చుట్టూ నీలం పరదా. వచ్చినవాళ్ల సంగతులు వేరేవాళ్లు వినకూడదని ఆ ఏర్పాటు. డబ్బా వెనక ప్లైవుడ్డు చాటున ఒక ఇంజనీరు కూర్చుని వింటుంటాడు. జవాబు విని మీట నొక్కుతాడు, తర్వాతి ప్రశ్న పలుకుతుంది. కూర్చున్నవాళ్లకు మాత్రం మిషనే మాట్లాడుతున్నట్టు ఉంటుంది. ఇంత బాగా ఆలోచించినవాళ్లు ఆ ఒక్క ప్రశ్న దగ్గర ఎందుకు ఆలోచించలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఊరు అడిగింది. అందరూ చెప్పారు. పేరు అడిగింది. చెప్పారు. ఒకే పేరున్నవాళ్లు ఊరికి పదిమంది ఉంటారు గనక దవాఖాన రిజిస్టరులో రెండో పేరు కూడా ఉంటుంది. మగవాళ్లకు తండ్రి పేరు, ఆడవాళ్లకు భర్త పేరు. మగవాళ్లు తండ్రి పేరు గడగడా చెప్పి చీటీ చేతబట్టుకుని బయటికి వచ్చారు. ఆడవాళ్ల దగ్గర డబ్బా ఆగిపోయింది.

ఒకామె తల దించుకుని కూర్చుంది. ఒకామె పరదా తొలగించి నా కోసం చూసింది. పరీక్ష మధ్యలో సాయం చేయకూడదని నాకు కట్టడి. చేవెళ్ల పక్కనే ఉన్న మా ప్రొద్దుటూరు పల్లె నుంచి వచ్చినావిడ మాత్రం గట్టిగానే జవాబు చెప్పింది. ఆవిడ భర్త పేరులో బంగారం అనే మాట ఉంది. అందుకని పెళ్లయిన నాటి నుంచి బంగారాన్ని కూడా ఆవిడ బంగారం అనలేదు, పచ్చది అనే అంటుంది. డబ్బాకు కూడా అలాగే చెప్పింది.

"మెడల ఏసుకునే పచ్చది లేదా బిడ్డా, గదే ఆయన పేరు. నువ్వే సమజ్ చేసుకో."

ఇంజనీరు కాగితం మీద "సంబంధం లేని జవాబు" అని రాశాడు.

తర్వాత మా అవ్వ. పరదా బయట కూర్చుని నేను వింటూనే ఉన్నాను. దయచేసి మీ భర్త పేరు చెప్పండి అంది డబ్బా. ఆయన లేడు బిడ్డా అంది అవ్వ. క్షమించండి, మీ సమాధానం అర్థం కాలేదు అంది డబ్బా. మా పిల్ల నాయన అంది అవ్వ. డబ్బా మళ్లీ క్షమించమంది. ఆ తర్వాత అవ్వ ఊరుకుంది. ఇంతలో ప్లైవుడ్డు వెనక ఇంజనీరు తుమ్మాడు.

"డబ్బకు సర్దయినట్టున్నది," అంది అవ్వ లోపల నుంచి. "జర చాయ పోయుండ్రి."

బయటికి వచ్చాక, ఎందుకు చెప్పలేదని నేను అడగలేదు. నాకు తెలుసు. అయినా నా మొహం చూసి తనే అంది.

"ఉన్నన్ని దినాలు ఆ పేరు నా నోట్లకెల్లి ఎల్లలే. పోయినంక ఓ అట్టడబ్బకు చెప్తనా?"

సాయంత్రం కాగితాలన్నీ బల్ల మీద పరిచారు. అప్పుడే అవ్వ కాగితం నా కంట పడింది. తడబాటు, భయం, అవగాహన లేదు. ఆడవాళ్ల కాగితాలన్నిటి మీదా ఇంచుమించు అవే మాటలు. గోడ మీది ఎడారి ముసలామె మాటలే వీళ్ల నెత్తిన దిగాయి. మగవాళ్లకు మిషను అర్థమైంది, ఆడవాళ్లకు అర్థం కాలేదని తేల్చారు. మేడం కంప్యూటరులో ఒక సలహా కొడుతూ పైకి చదివింది. అరవై దాటిన స్త్రీలు చదువుకున్న తోడుమనిషితో రావాలి. ఆ మాట దవాఖాన గోడ మీద కూడా రాయిస్తారట.

అవ్వ నెలకొకసారి ఒక్కతే బస్సెక్కి చేవెళ్లకు వస్తుంది. నేను వెంట వస్తానన్నా వద్దంటుంది. కిటికీ దగ్గర ప్రొద్దుటూరావిడ కలుస్తుంది. ఇద్దరూ గోలీలు తీసుకుని, హోటల్లో చాయ్ తాగి, నెల రోజుల ముచ్చట్లు చెప్పుకుని ఎవరి బస్సు వాళ్లు ఎక్కుతారు. ఆ ఒక్క రోజు అవ్వ ఎవరి తల్లీ కాదు, ఎవరి అత్తా కాదు. గోడ మీద ఆ మాట పడితే అవ్వ ఇక ఎవరో ఒకరి వెనక నడవాలి. ఎవరికీ తీరకపోతే గోలీలే మానేస్తుంది.

వాళ్లకు మిషను రాక కాదు, ఆ పేరు పలకరు అన్నాను. ఇంజనీరు నవ్వి, అయితే టైపు చేయిద్దాం అన్నాడు. చదువు రాదని గోడకు రాసి అంటించుకున్నది ఎవరని అడిగాను. మేడం మాత్రం, మరి ఇన్నేళ్లూ కిటికీ దగ్గర ఎలా చెప్పారని అడిగింది. అడగాల్సిన ప్రశ్న అదే. ఆఫీసులో కూర్చున్నప్పుడే అడగాల్సింది. కిటికీ దగ్గర అవ్వ మా నాయన పేరు ఎన్నడూ చెప్పలేదు, ప్రొద్దుటూరావిడ చెబుతుంది. ఆవిడ భర్త పేరు అవ్వ చెబుతుంది. లైనులో వెనకున్న మనిషే వాళ్లకు నోరు. మీరు పరదా కట్టి ఆ నోరు మూశారు అన్నాను. గొంతు పెద్దదయిందని నాకే తెలిసింది.

మేడం ఇంకా తల ఊపుతోందే తప్ప నమ్మినట్టు లేదు. అప్పుడు అడిగాను.

"మేడం, మీ నాయనమ్మ మీ తాతను ఏమని పిలుస్తుండె?"

"ఏవండీ అనేది," అంది. కంప్యూటరు మీంచి చేతులు తీసింది. "పోస్టుమాన్ వస్తే నన్ను కేకేసేది. తాతగారి పేరు నాచేత చెప్పించేది. నేను అదేదో ఆటనుకునేదాన్ని."

తెర మీది సలహాను ఆమె అప్పుడే చెరిపేయలేదు. రేపు ఇంకోసారి చూద్దాం అంది.

మర్నాడు పొద్దున్నే నా కత్తెర తీసుకుపోయాను. నమూనా అంటే మాకు పేపరు కటింగు. కొత్త కొలత వస్తే ముందు దినపత్రిక కత్తిరించి చూసుకుంటాం, చెడితే కాగితమే కదా పోయేది. పరదా లాగేశాను. కుర్చీ తీసి, సేటు దుకాణంలోంచి ఇద్దరు పట్టే బల్ల తెప్పించాను. డబ్బా అట్టను పక్కకు కోసి వెడల్పు చేశాను. మేడం నా ఎదురుగా కూర్చుని కొత్త ప్రశ్న తన గొంతుతో రికార్డు చేసింది. భర్త అనే మాట తీయించి ఇంటాయన అనిపించాను. ఇంటాయన పేరు పక్కనున్నవాళ్లు చెప్పినా సరే. ఆమె నోట ఆ మాట కొంచెం వంకరగానే పలికింది, కానీ పలికింది.

అవ్వ, ప్రొద్దుటూరావిడ పక్కపక్కన కూర్చున్నారు. డబ్బా అడిగీ అడగకముందే ప్రొద్దుటూరావిడ మా నాయన పేరు ఇంటిపేరుతో సహా గట్టిగా చెప్పింది. నాయన పోయాక ఆ పేరు అంత గట్టిగా నేను విని చాలా కాలమైంది. అవ్వ కొంగు సర్దుకుంది. తన వంతు రాగానే బంగారపు పేరును ఏ అడ్డూ లేకుండా చెప్పేసింది. రెండు చీటీలూ వచ్చాయి. ఒక్కరే వచ్చిన రోజు ఎలా అని మేడం అడిగింది.

"దవాఖానల మనుషులు కరువా బిడ్డా?" అంది అవ్వ. "ఎన్కున్నామెను అడుగుత. మీ డబ్బనే ఒంటరిది, పాపం."

మేడం తోడుమనిషి సలహాను చెరిపేసింది. నా కళ్ల ముందే చెరిపింది. గోడ మీద ఆ రాత పడలేదు. కొన్ని నెలల తర్వాత అసలు మిషను దవాఖానకు వచ్చినప్పుడు దాని ముందు బల్ల ఉంది, పరదా లేదు. అవ్వ ఒక్కతే బస్సులో వచ్చింది, పోయింది.

ఇక్కడితో నా కోపం చల్లారాలి. చల్లారలేదు. గది ఖాళీ చేసే రోజు వాళ్ల నివేదిక చదవడానికి అడిగాను. మేడం కాదనలేదు. అందులో ఒక వాక్యం ఉంది. శిక్షణ తర్వాత వృద్ధ స్త్రీలు పరికరాన్ని సులువుగా వాడగలిగారు. ఎవరికి శిక్షణ ఇచ్చారని అడిగాను. అవ్వ మొదటి రోజుకూ మర్నాటికీ మధ్య కొత్తగా నేర్చుకున్నది ఒక్క ముక్క లేదు. మారింది డబ్బా. కత్తెర పట్టినదాన్ని నేను, నాకు తెలుసు. మేడం మొహం ఎర్రబడింది. పైవాళ్లు ఆ మాటే అడుగుతారని, మాటదేముందని అంది. మాటదే ఉంది. ఆ మాట చదివినవాళ్లు రేపు ఇంకో ఊళ్లో ఇంకో డబ్బా పెట్టి, ఇంకో ముసలామెకు శిక్షణ ఇస్తామంటారు. గోడ మీది ఎడారి ముసలామె కాగితమైనా సరిదిద్దమన్నాను. అది ఇప్పటికే అందరికీ చూపించేశారట. మార్చడం కుదరదట.

వాళ్లు పోయాక గోడ మీది కాగితాలు అలాగే మిగిలాయి. మూడోది పీక్కుని ఇంటికి తెచ్చాను. వంటింట్లో అవ్వకు తెలుగు చేసి చదివి వినిపించాను. చదువు రాదు, మిషనంటే భయం, ప్రతిదానికీ కొడుకే. అవ్వ ఆ ఫొటోను వెలుగుకు పెట్టి చాలాసేపు చూసింది. తనను గురించి రాసిందని నేను చెప్పలేదు. ఎవరో పరాయి ఆడమనిషి కష్టం అనుకుంది.

"పాపం, ఎవరున్నరో ఏమో ఆమెకు," అంది. "ఈసారి దవాఖానకొస్తె నా పక్కల కూసోమను. ఇంటాయన పేరు నేను చెప్త."

తను నవ్వింది. నాకు నవ్వు రాలేదు. కాగితం వెనక వైపు తెల్లగా, బిరుసుగా ఉంది, అంత మంచి కాగితం మాకు దొరకదు. మర్నాడు ఇంట్లోనే దాన్ని బోర్లా పరిచి, సుద్దతో చేతి కొలత గీసి, జాకెట్టు చేతికి కటింగు తీశాను. పక్కన నిలబడి కొలత ఇచ్చింది మా అవ్వే.