ఫారంలో నేను రాసిన ‘ఎక్సలెంట్’

2023 సెప్టెంబరు. నాచారంలో నా ఫిజియోథెరపీ క్లినిక్ పెట్టి అప్పటికి పంతొమ్మిదేళ్ళు. మెయిన్ రోడ్డు నుంచి మూడో సందులో కింద ఇస్త్రీ బండి, మేడ మీద నావి రెండు గదులు. ఫ్యాక్టరీల్లో రోజంతా నిలబడేవాళ్ళు, రిటైరైన సైంటిస్టులు, మెడలు పట్టేసిన ఐటీ పిల్లలు అందరూ మూలుగుతూ ఆ మెట్లెక్కాల్సిందే. మోకాళ్ళు చూసే మనిషి మేడ మీద కూర్చోవడమేమిటని నన్ను వెక్కిరించనివాళ్ళు లేరు. కింద గది దొరకలేదు, అంతే.

ఆ నెలలో ఉప్పల్ దాటాక ఉన్న ఒక ఇంజినీరింగ్ కాలేజీ నుంచి కబురొచ్చింది. పేరు ఇక్కడ అనవసరం. కొత్తగా చేరిన మొదటి సంవత్సరం పిల్లలందరికీ హెల్త్ క్యాంపు, ఒక్కరోజులో అయిపోవాలి. కళ్ళకొకరు, పళ్ళకొకరు, కీళ్ళకు నేను. క్యాంపులంటే నాకు సరదా. చెయ్యి చురుకు, నోరు అంతకన్నా చురుకు, క్యూ ఎంత పొడుగున్నా భోజనాల వేళకు ఖాళీ చేసేస్తానని పేరు. ఆ పేరంటే నాకు ఇష్టం కూడా.

కీళ్ళు ఎంత వదులుగా ఉన్నాయో చూడటానికి మాకో తొమ్మిది మార్కుల పరీక్ష ఉంది. చిటికెన వేలు వెనక్కి ఎంత వంగుతుంది, బొటనవేలు ముంజేతిని తాకుతుందా, మోచేతులు, మోకాళ్ళు నిటారు దాటి వెనక్కి వెళ్తాయా, మోకాళ్ళు వంచకుండా అరచేతులు నేలకు ఆనుతాయా. కుడికొకటి, ఎడమకొకటి, చివరి దానికొకటి, మొత్తం తొమ్మిది. ఎక్కువ మార్కులొస్తే దాన్ని హైపర్‌మొబిలిటీ అంటాం. అంటే కీళ్ళను పట్టి ఉంచే కణజాలం మామూలుకన్నా సాగుతుందన్నమాట.

ఆ రోజు నన్ను ఆశ్చర్యపరిచింది అలాంటి పిల్లలు ఎంతమంది ఉన్నారన్నదే. నేను లెక్క రాసుకోలేదు కాబట్టి ఇంతమంది అని చెప్పను. కానీ ఏ వరుసలో చూసినా బొటనవేలు ముంజేతికి ఆనించి నవ్వే పిల్ల ఒకతైనా ఉంది. మగపిల్లల్లోనూ ఉన్నారు, ఆడపిల్లల్లో మరీ ఎక్కువ. వాళ్ళకది చిన్నప్పటి నుంచీ బడిలో చేసి చూపించిన గారడీ. వీళ్ళలో చాలామందికి జన్మలో ఏ బాధా రాదు. కొందరికి మాత్రం ఆ సాగుడే జబ్బవుతుంది. ఎవరు ఏ కోవకు చెందుతారో తెలియాలంటే ఒక్క ప్రశ్న అడగాలి, నొప్పి ఉందా అని. కాలేజీ వాళ్ళ ఫారంలో ఆ ప్రశ్నకు గడి లేదు. ఫ్లెక్సిబిలిటీ అని ఒకే గడి, అందులో పూర్, యావరేజ్, గుడ్, ఎక్సలెంట్. బాగా వంగినవాళ్ళందరికీ నేను ఎక్సలెంట్ రాసుకుంటూ పోయాను.

క్యూలో ఒక సన్నటి అమ్మాయి వచ్చింది. తొమ్మిదికి తొమ్మిది. ఆ వయసులో తొమ్మిదీ వచ్చేవాళ్ళు తక్కువ. నాకు హుషారు వచ్చి ఆమెను ఆడిటోరియం స్టేజీ ఎక్కించి అందరికీ చూపించాను. అంతటితో ఆగితే సరిపోయేది. చేతులు వీపు వెనక కలిపి, విడదీయకుండా తల మీదుగా ముందుకు తెమ్మన్నాను. నా పరీక్షలో అది లేదు, అసలు భుజానికి ఆ పరీక్షలో చోటే లేదు. అది పూర్తిగా నా సరదా. ఆమె తెచ్చింది. హాలంతా చప్పట్లు, ఫోన్లు పైకి లేచాయి. ఆమె ఏదో అన్నట్టుంది. నేను మైకులో ‘ఎక్సలెంట్’ అని, తర్వాతి వాళ్ళను పిలిచాను.

ఏడాది మీద మూడు నెలలు గడిచాయి. 2024 డిసెంబరులో ఒక సాయంత్రం ఒక తండ్రీ కూతురూ మెట్లెక్కి వచ్చారు. తండ్రి యాదగిరి, మౌలాలి రైల్వే షెడ్డులో టెక్నీషియన్, డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టు చొక్కా మీద గ్రీజు. కూతురు అఖిల, ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. కుడి భుజం నొప్పి, మణికట్లు నొప్పి, పెన్ను పట్టుకుని పావుగంట రాస్తే వేళ్ళు మెలికపడతాయట. నిలబడితే కళ్ళు తిరుగుతాయట. బస్సులో పై కడ్డీ పట్టుకుంటే, ఉప్పల్ దగ్గర సగంలో ఆగిన ఫ్లైఓవర్ పిల్లర్ల మధ్య గుంటల్లో బస్సు ఎగిరినప్పుడల్లా భుజం జారి మళ్ళీ తనంతట తనే కూర్చుంటుందట. మేము దాన్ని సబ్‌లక్సేషన్ అంటాం, కీలు సగం తప్పి వెనక్కి రావడం. రోజూ మౌలాలి నుంచి రెండు బస్సులు మారి పోవాలి. వారానికి రెండు రోజులు పోలేకపోయింది. హాజరు పడిపోయింది.

యాదగిరి ప్లాస్టిక్ కవర్లోంచి రిపోర్టులన్నీ తీసి బల్ల మీద పేర్చాడు. మాటలో కోపం కన్నా అలసట ఎక్కువ.

“ఎక్స్‌రే నార్మల్ అన్నరు. రక్తం నార్మల్ అన్నరు. స్కానింగ్ గూడ నార్మలే. అన్ని నార్మల్ ఉంటె ఈ పిల్లకు నొప్పి యాడికెల్లి వస్తుంది మేడం? కాలేజీకి పోబుద్ధి గాక నాటకమాడుతుందని మా ఇంట్ల అందరి మాట. నేను గూడ గట్లనే అన్న రెండు మూడు సార్లు.”

అఖిల తల వంచుకుని కూర్చుంది. నేను చెయ్యి పట్టుకుని బొటనవేలు వంచగానే అది ముంజేతికి వెళ్ళి ఆనింది. ఒక్కొక్కటీ చూశాను, తొమ్మిదికి తొమ్మిది. భుజం మీద అరచెయ్యి వేసి మెల్లగా కిందికి లాగితే లోపల కీలు జారడం వేళ్ళకు తెలిసింది. ఇన్నేళ్ళ అనుభవం కదా, వెంటనే ప్రశ్నలు మొదలెట్టాను. చిన్నప్పుడు మడమలు మెలికపడేవా, దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలొస్తాయా, ఎక్కడైనా సాగదీసే వ్యాయామాలు చేశావా. చేసిందట, కాలేజీ యోగా టీములో ఏడాది పాటు. ప్రతి ఫంక్షనుకూ స్టేజీ మీద వంగి చూపించిందట. నాకు ఒళ్ళు మండింది. ఇంత వదులు కీళ్ళున్న పిల్లను యోగా టీములోకి తీసుకున్న తెలివిగలవాళ్ళెవరమ్మా అని అడిగాను.

“స్పోర్ట్స్ సార్ తీసుకున్నడు మేడం. హెల్త్ క్యాంపు ఫారంల ఎక్సలెంట్ అని ఉందని.” తలెత్తి, “మీరే రాసిన్రు మేడం. గుర్తువట్టలేదా?” అంది.

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే నాకు కాస్త నయంగా ఉండేది. జీవితంలో మొదటిసారి అంతమంది తనకోసం చప్పట్లు కొట్టారని, అందుకే టీములో చేరానని చెప్పింది. భుజం జారడం ఆ ఏడాదిలోనే మొదలైందట. నేను మంచినీళ్ళు తాగాలని లేచి పక్కగదిలోకి వెళ్ళి, తాగకుండానే వచ్చాను. సిగ్గేసింది, ఇంకో మాట లేదు.

మర్నాటి నుంచి పని మొదలుపెట్టాం. ఇలాంటి కీళ్ళకు సాగదీయడం విషం, చుట్టూ ఉన్న కండరాలకు బలమివ్వడమే మందు. భుజం కదపకుండా గోడను నెట్టడం, లావుపాటి పెన్ను, కూర్చుని నెమ్మదిగా లేవడం, ఇలా చిన్నచిన్నవి. కీళ్ళవాతం చూసే స్పెషలిస్టు దగ్గరికి పంపాను. ఆయన మిగతా జబ్బులేవీ కాదని చూసుకుని హైపర్‌మొబిలిటీ స్పెక్ట్రమ్ డిజార్డర్ అని రాసిచ్చాడు. వదులు కీళ్ళ వల్ల నొప్పి, జారుడు, నీరసం వచ్చే స్థితికి అది పేరు. ఆ కాగితం చదివి యాదగిరి కూతురి వైపు చూసి, “పేరున్నది గదా బిడ్డా దీనికి,” అన్నాడు. అంతకు మించి క్షమాపణ చెప్పడం ఆయనకు చేతకాలేదు.

కాలేజీలో హాజరు తక్కువైనవాళ్ళకు కండొనేషన్ అని ఒక వెసులుబాటు ఉంటుంది, జబ్బు రుజువైతే పరీక్ష రాయనిస్తారు. రుజువు కాకపోతే డిటెయిన్, అంటే ఏడాది వెనక్కి వెళ్ళి జూనియర్లతో కూర్చుని చదవాలి. అఖిల దరఖాస్తు పెట్టుకుంది. కమిటీ తిప్పి పంపింది. నేనే వస్తానని యాదగిరికి చెప్పి, జనవరిలో కాలేజీకి వెళ్ళాను. నా మాట చురుకు మీద నాకింకా నమ్మకం పోలేదు.

డిపార్టుమెంటు హెడ్ మర్యాదస్తుడు. కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. తర్వాత ఫైలు తెరిచి ఒక ఫారం నా వైపు తిప్పి, సంతకం మీదేనా అని అడిగాడు. నాదే. ఫోన్ తీసి ఒక వీడియో పెట్టాడు. కాలేజీ పేజీలో ఇంకా ఉన్నదే అది. స్టేజీ, అఖిల, తల మీదుగా వస్తున్న చేతులు, మైకులో నా గొంతు. ఇంకొంచెం, ఇంకొంచెం, ఎక్సలెంట్. చప్పట్లు. చేతులు కిందికి దించగానే ఆ పిల్ల ఎడమచెయ్యి కుడి భుజాన్ని పట్టుకోవడం కనిపించింది. పెదవులు కదిలాయి. మాట మాత్రం చప్పట్లలో వినపడలేదు.

“అప్పుడు ఎక్సలెంట్, ఇప్పుడు డిజార్డర్. ఏది నమ్మాలి మేడం?” అన్నాడు ఆయన.

రెండూ ఒకటే సార్, ఆ వంగడమే జబ్బు గుర్తు, ఈ వీడియోలో కనిపిస్తున్నది జబ్బే అని చెప్పాను. బొటనవేళ్ళ సంగతి, కండరాల సంగతి, నాకు తెలిసిందంతా చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు.

“మీరు చెప్పేది నిజమే కావచ్చు. కానీ ఆ రోజు మీరు ఎక్సలెంట్ రాసిన ఫారాలు నా దగ్గర కట్టలున్నాయి. రేపు వాళ్ళందరూ ఇదే సర్టిఫికెట్ తెస్తే నేనేం చెయ్యాలి? జబ్బే కనిపిస్తోందంటున్నారు. కనిపిస్తే ఆ రోజే రాయాల్సింది కదా మేడం.”

వంగేవాళ్ళు వేరు, బాధపడేవాళ్ళు వేరు, ఆ కట్టల్లో ఎవరు ఏమిటో తేల్చడానికి ఒక్క ప్రశ్న చాలు అని అనాలి. అంటే, ఆ ప్రశ్న మీరెందుకు అడగలేదంటాడు. తప్పు రాశానని ఒప్పుకుంటూ అక్కడికక్కడే ఉత్తరం రాసి సంతకం పెట్టి ఇచ్చాను. వారానికి జవాబొచ్చింది. మెడికల్ రికార్డుల్లో పొంతన లేనందున కండొనేషన్ ఇవ్వలేమని. అఖిల డిటెయిన్ అయింది.

ఆ కబురు చెప్పడానికి యాదగిరి ఒక్కడే వచ్చాడు. తిడతాడేమోనని చూశాను, తిట్టలేదు. కూర్చోమంటే కూర్చోలేదు. తలుపు దగ్గరే నిలబడి, “మా షెడ్డుల ఇంజను ఫిట్ అని సంతకం పెట్టే ముందు సుత్తెతోని బోల్టు బోల్టు కొడ్తం మేడం. కొట్టి సప్పుడు వింటం. కంటికి అన్ని మంచిగనే కనవడ్తయ్. లూజుందా లేదా అనేది సప్పుడుల తెలుస్తది,” అన్నాడు. చెప్పులేసుకుని దిగిపోయాడు.

అఖిల జూనియర్ల క్లాసుకు రెండు వారాలు వెళ్ళింది. స్టేజీ వీడియో వాళ్ళ ఫోన్లలో కూడా ఉందట. యోగా అక్కకు నొప్పులట అని నవ్వారట. మానేసింది. దూరవిద్యలో డిగ్రీ కడతానంది, కట్టిందో లేదో నేను అడగలేదు. వీడియో తీసెయ్యమని కాలేజీకి రెండుసార్లు రాశాను. ఇది రాసేనాటికి కూడా అది అలాగే ఉంది. క్లినిక్కుకు రావడం మాత్రం ఆ పిల్ల మానలేదు. ఎండాకాలం వచ్చేసరికి భుజం జారడం బాగా తగ్గింది. పావుగంట కాదు, ముప్పావుగంట రాయగలుగుతోంది, తనను రాయనివ్వని పరీక్ష అయిపోయిన తర్వాత.

మరుసటి క్యాంపు వేరే కాలేజీలో. ప్రతి పిల్లనూ కూర్చోబెట్టి నొప్పి ఉందా, కీలు జారుతుందా, ఎప్పటి నుంచి అని అడిగాను. ఫారంలో గడి లేకపోతే వెనక వైపు రాశాను. వంగగలిగిన పిల్లలు ఇక్కడా బోలెడుమంది, ఎక్కువమంది ఏమీ లేదని నవ్వుతూ వెళ్ళిపోయారు. కొందరు మాత్రం ఆ ప్రశ్న వినగానే కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు. వాళ్ళనెవరూ అది అంతకు ముందు అడగలేదు. భోజనాల వేళకు సగం క్యూ కూడా కదలలేదు. ఆ కాలేజీ వాళ్ళు నన్ను మళ్ళీ పిలవలేదు.

జూన్‌లో అఖిల చివరి సెషనుకు వచ్చింది. ఇంట్లో చేసుకోవాల్సినవన్నీ కాగితం మీద రాసిచ్చాను. మడతపెట్టి బ్యాగులో పెట్టుకుని, లేవకుండా కూర్చుంది.

“మేడం, ఒకటడుగుత. ఆ రోజు స్టేజీ మీద, భుజం గుంజుతుంది మేడం, వద్దు అన్న. మీకు వినవడ్డదా?”

చప్పట్లున్నాయి, మైకుంది, హాలు పెద్దది. వినపడలేదంటే ఎవరైనా నమ్ముతారు. ఇన్నాళ్ళూ నాకు నేను అదే చెప్పుకున్నాను. పైన కూడా ఏదో అన్నట్టుంది అనే రాశాను. నేను ఆమెకు మూరెడు దూరంలో ఉన్నాను.

“వినపడింది,” అన్నాను.

అఖిల బ్యాగు ఎడమ భుజానికి తగిలించుకుని లేచింది.

“సరే మేడం. నేనే మెల్లగ అన్ననేమో అనుకున్న, ఇన్ని రోజులు.”